మనిషిలో కొత్త స్మాల్ హీట్ షాక్ ప్రోటీన్లు ఇంకేమన్న మిగిలినయా? నా ప్రాజెక్ట్ టైటిలే అది

పిపెట్_పోరడు (రాత్రి 11:42)

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ బయోటెక్ సెకండియర్, ఇక్కడనే హైదరాబాద్‌ల ఒక కాలేజీ, పేరు వద్దులే. మా గైడ్ సార్ డిసర్టేషన్‌కి టైటిల్ ఇచ్చిర్రు, మనిషిలో కొత్త స్మాల్ హీట్ షాక్ ప్రోటీన్లను గుర్తించడం, అవి ఏ టిష్యూల ఎంత ఎక్స్‌ప్రెస్ అయితున్నయో (జీన్ ఎంత పనిచేస్తుందో) చూడడం అని. సెల్‌ల వేరే ప్రోటీన్లు ముద్ద కట్టకుండ కాపాడే చిన్న ప్రోటీన్ల కుటుంబం ఇది. విన్నప్పుడు మస్తు ఖుషీ అయిన, కొత్త జీన్ దొరికితే పేపర్ పడ్తది కదా అని ఇంట్ల గూడ చెప్పిన, మా అమ్మ పక్కింటి ఆంటీకి చెప్పేసింది, మావోడు కొత్త జీన్ కనిపెడ్తుండు అని. మూడు నెలలైంది, ఇప్పుడు పడుకుంటే నిద్ర వస్తలేదు.

మొదలు ఏం చేసిన అంటే ఈ ఫ్యామిలీల తెలిసిన ఆల్ఫా బీ క్రిస్టలిన్ సీక్వెన్స్, 175 అమైనో యాసిడ్లది, తీస్కొని హ్యూమన్ ప్రోటీన్ల మీద బ్లాస్ట్ (పోలిక ఉన్న సీక్వెన్స్‌లు వెతికే ప్రోగ్రామ్) కొట్టిన. పైన వచ్చినయన్నీ తెలిసినయే, ఆల్ఫా ఏ, హెచ్‌ఎస్‌పీబీ1, బీ6, బీ2, బీ8 ఇట్ల (ఈ ఫ్యామిలీ జీన్లని హెచ్‌ఎస్‌పీబీ అని నంబర్లేసి పిలుస్తరు, పొట్టిగ బీ). కిందికి పోయినకొద్దీ ఈ-వ్యాల్యూ, అంటే పోలికని ఎంత నమ్మొచ్చో చెప్పే నంబర్, ఖరాబైంది. ఓడీఎఫ్1, అదే బీ10 అంటరు కదా, అది కనపడనే లేదు. హెచ్‌ఎస్‌పీబీ11 అని ఒకటి చూసిన ఎక్కడ్నో, అది గూడ రాలే. పేరుల హెచ్‌ఎస్‌పీబీ అని ఉంది కదా మరి ఎందుకు రాదు, నా సెట్టింగ్స్ తప్పా? సార్‌కి చూపిస్తే అయితే బీ11 నే పట్టుకో, అదే నీ కొత్తది అన్నరు.

ఆ తర్వాత టిష్యూ ఎక్స్‌ప్రెషన్ కోసం జీటెక్స్ (మనిషి టిష్యూలల్ల ఏ జీన్ ఎంత పనిచేస్తుందో చెప్పే పబ్లిక్ డేటాబేస్) డేటా దించుకొని ఎక్సెల్‌ల పెట్టిన, 54 టిష్యూలు. ఆల్ఫా ఏ క్రిస్టలిన్ లైన్ మొత్తం ఎండిపోయినట్టే ఉంది, ఎక్కువ డబ్బాలల్ల సున్నా లెక్కనే. సార్ చూసి ఇది ఎక్స్‌ప్రెస్ కాని జీన్, టేబుల్‌లకెల్లి తీసెయ్ అన్నరు. తీసేయాల్నా?

ఇంకోటి ఉంది, ఇదే అసలు నాకు గుండె దడ. ఒక దోస్తు వాళ్ళ ల్యాబ్‌ల హెక్ సెల్స్ (ల్యాబ్‌ల పెంచే కిడ్నీ సెల్స్) ఆర్‌ఎన్‌ఏ జర ఇచ్చిండు, దాంతోని హెచ్‌ఎస్‌పీబీ9 కి ఆర్‌టీ పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్ఏగ మార్చి, పెంచి చూసే టెస్ట్) పెట్టిన. టెస్టిస్‌ల (వృషణాలల్ల) తప్ప ఎక్కడ ఉండది అని చదివిన గని నాకు జెల్ మీద బ్యాండ్ వచ్చింది, సన్నగ గాదు, మంచిగ మెరుస్తుంది. ఇది కొత్త ఫైండింగేనా? సబ్‌మిషన్‌కి ఏడు వారాలున్నది. ఈ ఫీల్డ్ వాళ్ళు ఎవరన్న ఉంటే జర చెప్పుర్రి.


లూప్‌లో_ఉన్నా (రాత్రి 12:15)

టైటిల్ చూసి నవ్వొచ్చింది, సారీ బ్రో, నీ మీద కాదు. ఈ సినిమా 2003లోనే అయిపోయింది. నెదర్లాండ్స్‌లో నైమేగన్ వాళ్ళు 2001లో బీ8, బీ9 రెండూ బయటపెట్టారు, ఇంకో రెండేళ్ళకి హ్యూమన్ జీనోమ్ మొత్తం జల్లెడ పట్టి బీ1 నుంచి బీ10 దాకా పది ఉన్నాయని లెక్క తేల్చి పేపర్ వేశారు, పేపర్ టైటిల్‌లోనే పది అని ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది, ఆ పది ఇంకా పదే. సో కొత్తది దొరకడం మీద ఆశ పెట్టుకోకు.

బ్లాస్ట్ గురించి. నీ సెట్టింగ్స్ తప్పేం కాదు, టూలే సరిపోదు. ఈ ఫ్యామిలీలో అందరికీ కామన్‌గా ఉండేది మధ్యలో ఉన్న ఆల్ఫా క్రిస్టలిన్ డొమైన్ ఒక్కటే, సుమారు 90 అమైనో యాసిడ్లు. ముందున్న ముక్క, వెనకున్న తోక ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఒక ప్రోటీన్‌ని పట్టుకుని ఇంకో ప్రోటీన్‌ని వెతికితే దగ్గరి చుట్టాలు దొరుకుతారు, దూరపు చుట్టాలు దొరకరు. పీఫ్యామ్ అనే డొమైన్ల డేటాబేస్‌లో ఈ డొమైన్‌కి ప్రొఫైల్ ఉంది, పీఎఫ్00011, పేరు హెచ్‌ఎస్‌పీ20. దాన్ని దించుకుని హెచ్‌ఎంఎం సెర్చ్ (ఒక ప్రోటీన్‌తో కాకుండా ఫ్యామిలీ మొత్తం పోలికతో వెతికే టూల్) రన్ చెయ్యి, హ్యూమన్ ప్రోటీన్ల ఫైల్ మీద ల్యాప్‌టాప్‌లో టీ తాగి వచ్చే లోపు అయిపోతుంది. ఓడీఎఫ్1 ఎందుకు రాలేదంటే అది స్పెర్మ్ తోకలో ఉండే ప్రోటీన్, దాని చివర్లో సిస్టీన్ గ్లైసిన్ ప్రోలిన్, సిస్టీన్ గ్లైసిన్ ప్రోలిన్ అని అదే పాట, డొమైన్ కూడా బాగా అరిగిపోయి ఉంటుంది, మామూలు బ్లాస్ట్‌కి అందకపోవడం వింతేం కాదు.

ఇక బీ11. ఇంటిపేరు కస్తూరివారు ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు చూడు, అదే ఇది. దాంట్లో ఆల్ఫా క్రిస్టలిన్ డొమైనే లేదు. అది సీలియాలో (సెల్ మీద వెంట్రుకల్లాంటి భాగాల్లో) సరుకు మోసే మెషినరీలో ఒక పార్ట్, అసలు పేరు ఐఎఫ్‌టీ25. ఎప్పుడో హీట్ షాక్ ప్రోటీన్ అనుకుని ఆ పేరు పెట్టారు, తర్వాత జీన్ల పేర్ల కమిటీ వాళ్ళు సింబల్ కూడా ఐఎఫ్‌టీ25 అని మార్చేశారు. నీ బ్లాస్ట్‌లో రాలేదంటే నీ బ్లాస్ట్ కరెక్ట్‌గా పనిచేసినట్టు. మీ సార్‌కి మర్యాదగా చెప్పు.

ఇంకో మాట, ప్రోటీన్ల మీద కాకుండా నేరుగా జీనోమ్ మీద వెతికితే హెచ్‌ఎస్‌పీబీ1 కి సూడోజీన్లు (పనిచేయని కాపీలు) కూడా తగులుతాయి. వాటిని చూసి కొత్తది దొరికిందని పార్టీ ఇవ్వకు.


డీఎన్ఏజ్_బాబాయ్ (పొద్దున 7:05)

తమ్మీ, బ్యాండ్ చూసి ఖుషీ అయ్యే ముందల ఒక్కటే అడుగుత. ఆర్‌టీ (రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఆర్‌ఎన్‌ఏని డీఎన్ఏ చేసేది) ఎంజైమ్ వెయ్యకుండ ఒక ట్యూబ్ పెట్టినవా లేదా? పెట్టలే, నాకు తెలుసు, పెడితే ఈ పోస్టే వెయ్యకపోతుంటివి.

ఎందుకు అడుగుతున్న అంటే హెచ్‌ఎస్‌పీబీ9 కి ఇంట్రాన్ (జీన్ నడుమ ఉండి, ఆర్‌ఎన్‌ఏలకెల్లి తెగిపోయే ముక్క) లేదు. ఒకటే ఎక్సాన్, అంటే ఆర్‌ఎన్‌ఏల మిగిలే ముక్క. మామూలు జీన్‌కి అయితే మనం ప్రైమర్లు (పీసీఆర్ ఏడికెల్లి మొదలవ్వాల్నో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎక్సాన్‌కి ఎక్సాన్‌కి నడుమ ఇంట్రాన్ వచ్చేటట్టు పెడ్తం, జీనోమిక్ డీఎన్ఏ కలిసినా సైజు పెద్దగ వస్తది లేకపోతే రానే రాదు, దొరికిపోతది. గీ జీన్‌కి ఆ అవకాశం లేదు. ఆర్‌ఎన్‌ఏలకెల్లి వచ్చినా, డీఎన్ఏలకెల్లి వచ్చినా బ్యాండ్ గదే సైజు, గదే మెరుపు. మీ దోస్తు ట్రైజాల్ అనే కెమికల్‌తోని తీసిన ఆర్‌ఎన్‌ఏ ఇచ్చి ఉంటడు, నడుమ తెల్లటి పొర జరంత పిపెట్‌లకు వచ్చి ఉంటది, అండ్ల డీఎన్ఏ ఉంటది, నువ్వు 40 సైకిల్స్ కొడితే అది బంగారం లెక్క మెరుస్తది.

నాకు గూడ అయింది ఇది, అందుకే చెప్తున్న. ఒక జీన్ మీద నాలుగు నెలలు పని చేసిన, ల్యాబ్ మీటింగ్‌ల స్లైడ్ పెట్టిన, ఒక జూనియర్ పోరి చేయి లేపి సర్ నో ఆర్‌టీ ఏది అన్నది. ఏసీ రూమ్‌ల చెమటలు పట్టినయ్.

ఏం చెయ్యాలె అంటే ఆ ఆర్‌ఎన్‌ఏని డీఎన్ఏజ్ (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) పెట్టి కడుగు, దాన్ని రెండు భాగాలు చెయ్యి, ఒకదాంట్ల రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వెయ్యి, ఒకదాంట్ల వెయ్యకు, మిగిలినయన్నీ సేమ్. రెండు లైన్లు పక్కపక్కన జెల్ మీద పెట్టు. సైకిల్స్ 30 దాటనియ్యకు. టెస్టిస్ ఆర్‌ఎన్‌ఏ కొనుక్కోవచ్చు గని మీ కాలేజీల పైసలు ఇస్తరో లేదో, పాజిటివ్ కంట్రోల్ లేకుండ మాత్రం రిజల్ట్ రాయకు.


హబ్సిగూడ_అక్క (ఉదయం 9:30)

పై ఇద్దరూ చెప్పింది కరెక్టే, నేను ఆల్ఫా ఏ గురించి మాత్రం రాస్తాను, ఆ లైన్ తీసేయమన్నారంటే నాకు ప్రాణం ఒప్పలేదు. పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

జీటెక్స్‌లో 54 టిష్యూలు ఉన్నాయి అన్నావు కదా, ఆ లిస్టు ఒకసారి పైనుంచి కిందకి చదివావా? అందులో కన్ను లేదు. రెటీనా లేదు, లెన్స్ లేదు. ఆల్ఫా ఏ క్రిస్టలిన్ ఇల్లే లెన్స్. ఇంట్లో లేని మనిషిని వీధిలో వెతికి, అసలు అలాంటి మనిషే లేడు అని రాసినట్టు ఉంటుంది నీ టేబుల్. లెన్స్‌లో ఉన్న ప్రోటీన్ మొత్తంలో దాదాపు 40 శాతం ఈ ఆల్ఫా క్రిస్టలినే, అందులో ఏ కి బీ కి నిష్పత్తి సుమారు మూడుకి ఒకటి. అంటే మనిషి ఒంట్లో ఒక టిష్యూలో ఒక ప్రోటీన్ ఇంత కిక్కిరిసి ఉండడం చాలా అరుదు, నీ ఎక్సెల్‌లో ఏమో సున్నా.

ఎందుకు అంత కావాలి అంటే, లెన్స్‌లో ఫైబర్ సెల్స్ పెద్దయ్యాక న్యూక్లియస్ పోగొట్టుకుంటాయి, మైటోకాండ్రియా గట్రా అన్నీ పోతాయి, వెలుతురుకి ఏదీ అడ్డం ఉండకూడదు కాబట్టి. ఇక కొత్త ప్రోటీన్ తయారు చేసుకునే యంత్రాంగం ఉండదు. మీ నానమ్మ కంట్లో లెన్స్ నడిమధ్యలో ఉన్న ప్రోటీన్, ఆవిడ వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పుడు తయారైంది, ఇప్పటికీ అదే. డెబ్బై ఏళ్ళు ఎండలు, షుగరు, అన్నీ తట్టుకుని గడ్డకట్టకుండా ఉండాలి. పక్కనున్న ప్రోటీన్లు విడిపోయి ముద్ద కట్టబోతుంటే పట్టుకుని ఆపే పని ఆల్ఫా క్రిస్టలిన్‌ది. పట్టుకోవడానికి దానికి ఏటీపీ (సెల్ వాడే ఇంధనం) కూడా అక్కర్లేదు. దాని కెపాసిటీ అయిపోయిన రోజు మనం శుక్లం అంటాం, మా ఊళ్ళో పొర వచ్చింది అంటారు.

ఈ సంగతి తెలిసిన వరస బాగుంటుంది. 1982లో ఇంగోలియా, క్రెయిగ్ అని ఇద్దరు, పండ్ల ఈగలో వేడి తగిలినప్పుడు వచ్చే నాలుగు చిన్న ప్రోటీన్లు మన కంటి ఆల్ఫా క్రిస్టలిన్‌ని పోలి ఉన్నాయి అని చూపించారు. ఈగకి వేడి తగలడానికీ మన కంటికీ ఏం సంబంధం అని అందరూ తలగోక్కున్నారు. పదేళ్ళకి, 1992లో, హోర్విట్జ్ అని ఆయన ఆల్ఫా క్రిస్టలిన్ షాపెరోన్‌లా (వేరే ప్రోటీన్లకి కాపలాలా) పనిచేస్తుంది అని చూపించాక ముడి వీడింది. ఆ తర్వాత మన సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఉప్పల్ రోడ్డులో, ఈ ప్రోటీన్ మీద చాలా పని జరిగింది. సీహెచ్ మోహన్ రావు గారు, తర్వాత అక్కడే డైరెక్టర్ అయ్యారు, వాళ్ళ గ్రూపు 1994లో చెప్పిన ముఖ్యమైన విషయం ఏంటంటే 30 డిగ్రీలు దాటాక దీని కాపాడే శక్తి బాగా పెరుగుతుంది అని, వేడికి దాని ఆకారం కాస్త సడలి లోపల దాగిన జిడ్డు భాగాలు బయటపడతాయి కాబట్టి. నీ డిసర్టేషన్ ఇంట్రోలో ఇది లేకపోతే హైదరాబాద్‌లో చదివి చార్మినార్ చూడనట్టే.

కళ్ళతో చూడాలని ఉంటే చెప్తాను. నేను చేరిన కొత్తలో రామంతాపూర్‌లో ఒక మటన్ షాపు నుంచి మేక కళ్ళు తెచ్చేదాన్ని, టిఫిన్ డబ్బాలో ఐసు వేసుకుని. షాపాయన మొదటి రెండు సార్లు అదోలా చూశాడు, తర్వాత నేను రాగానే పక్కన పెట్టి ఉంచేవాడు. కన్ను వెనక నుంచి కోస్తే జెల్లీ జారిపోతుంది, ఆ తర్వాత లెన్స్ వస్తుంది, లేత తాటి ముంజ ఉంటుంది చూడు అచ్చం అలా, వేలితో నొక్కితే జారుతుంది, పేపర్ మీద పెడితే కింద అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. దాన్ని బఫర్‌లో నూరి, స్పిన్ చేసి, సైజు ప్రకారం వేరుచేసే కాలమ్‌లో పోస్తే ముందు ఆల్ఫా క్రిస్టలినే వచ్చేస్తుంది, పెద్ద పెద్ద గుంపులుగా ఉంటుంది కాబట్టి. తర్వాత రెండు క్యూవెట్లు తీసుకుని రెండిట్లో ఇన్సులిన్ పోసి, దాన్ని విడగొట్టే డీటీటీ అనే కెమికల్ వెయ్యాలి. ఒకదాంట్లో కొద్ది నిమిషాలకి సన్నగా పొగ మొదలై మజ్జిగలా తెల్లబడిపోతుంది. ఆల్ఫా క్రిస్టలిన్ వేసిన రెండోది నీళ్ళలా అలాగే ఉంటుంది. 360 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తే ఒక గీత పైకి పోతుంటుంది, ఇంకోటి నేల మీదే పాకుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు పక్క బెంచీ వాళ్ళని పిలిచి మరీ చూపించాను, వాళ్ళు రోజూ చూసేదే అని వెళ్ళిపోయారు.

సరే నీ విషయానికి. టేబుల్‌లో ఆల్ఫా ఏ లైన్ ఉంచు, పక్కన ఈ డేటాలో కంటి టిష్యూ లేదు అని ఒక ముక్క రాయి. నిజానికి పాత రోజుల్లోనూ ఇదే గోల. నార్తర్న్ బ్లాట్‌కి (ఏ టిష్యూలో ఏ ఆర్‌ఎన్‌ఏ ఉందో చూసే పాత పద్ధతి) రెడీమేడ్ మెంబ్రేన్లు అమ్మేవాళ్ళు, మొదటి దాంట్లో గుండె, మెదడు, ప్లసెంటా, ఊపిరితిత్తులు, లివర్, కండ, కిడ్నీ, పాంక్రియాస్. టెస్టిస్ రెండో మెంబ్రేన్ మీద ఉండేది. మొదటిది ఒక్కటే కొన్న వాళ్ళకి బీ9 ఎక్కడా కనపడేది కాదు. ఎక్కడ అడిగామో అక్కడే జవాబు వస్తుంది.


పిపెట్_పోరడు (మధ్యాహ్నం 1:20)

అక్కా దండం. లిస్టు ఇప్పుడే మల్ల చదివిన, నిజంగనే కన్ను లేదు. సిగ్గనిపించింది, మూడు నెలలకెల్లి రోజు ఆ ఫైల్ తెరుస్తున్న. బాబాయ్, నో ఆర్‌టీ పెట్టలే, నువ్వు చెప్పింది నిజమే, 40 సైకిల్సే కొట్టిన, అది గూడ నీకు ఎట్ల తెలుసు.

ఇంకో డౌట్. పదిట్లకెల్లి ఏది ఎక్కడ అని నేను ఇట్ల రాస్కున్న: బీ1, బీ5, బీ6, బీ8 దాదాపు అన్నిట్ల, బీ2, బీ3, బీ7 గుండె, కండరాలు, బీ4 అంటే ఆల్ఫా ఏ లెన్స్, బీ9, బీ10 టెస్టిస్. మంచిగనే ఉందా? పేర్లతోని గూడ పిచ్చి లేస్తుంది, ఒక పేపర్‌ల హెచ్‌ఎస్‌పీ22 అంటడు, ఒక దాంట్ల హెచ్11 అంటడు, ఒక దాంట్ల బీ8 అంటడు, మూడు వేరు అనుకొని మూడు వరుసలు పెట్టిన టేబుల్‌ల.


లూప్‌లో_ఉన్నా (మధ్యాహ్నం 2:02)

మూడూ ఒకటే, రెండు వరుసలు కొట్టేయ్ 😂. హెచ్11 అనే పేరు ఎందుకొచ్చిందంటే హెర్పిస్ వైరస్ టైప్ 2 లో ఒక కైనేజ్ అనే ఎంజైమ్‌తో పోలిక ఉందని, అప్పట్లో దీన్ని ప్రోటీన్ కైనేజ్ అని కూడా అన్నారు. హెచ్‌ఎస్‌పీ22 అంటే ఇంకా డేంజర్, ఎందుకంటే ఈగలో కూడా హెచ్‌ఎస్‌పీ22 ఉంది, అది మైటోకాండ్రియాలో ఉండే వేరే ప్రోటీన్. పేపర్‌లో కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు) నంబర్ పేరు కనిపిస్తే ఆగి, ఏ జీవిది, ఏ జీన్ అని చూసుకో. 2009లో నామకరణం గైడ్‌లైన్స్ వచ్చి హెచ్‌ఎస్‌పీబీ వరస నంబర్లు వాడమన్నారు, అయినా ఎవడి అలవాటు వాడిది. బీ7 ని కార్డియోవాస్కులర్ హెచ్‌ఎస్‌పీ అంటారు, 1999లో దాన్ని కూడా మొదట డేటాబేస్ వెతికే పట్టుకున్నారు, గుండెలో బాగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. సో మీ సార్ ఇచ్చిన టైటిల్ 1999కి సూపర్ టైటిల్.

నీ గ్రూపింగ్ ఓకే. అందరూ అలాగే రాస్తారు.


హబ్సిగూడ_అక్క (సాయంత్రం 6:48)

గ్రూపింగ్ ఓకేనే గానీ దాంట్లోనే ఒక మంచి పాయింట్ ఉంది, వదిలేయకు. బీ2, బీ5 (అంటే ఆల్ఫా బీ) రెండూ 11వ క్రోమోజోమ్ మీద వీపుకి వీపు ఆనించి కూర్చున్నట్టు ఉంటాయి, మధ్య దూరం వెయ్యి బేస్‌లు కూడా లేదు, ఒకటి ఇటు ఒకటి అటు చదవబడతాయి. ఒకే గోడకి రెండు ఇళ్ళు. అయినా గుండెలో, కండరంలో రెండూ ఉంటాయి, లెన్స్‌లో ఆల్ఫా బీ కుప్పలుగా ఉంటుంది, బీ2 ఉండదు. టిష్యూ ఎక్స్‌ప్రెషన్ అని టైటిల్‌లో ఉంది కదా, నీ డిస్కషన్‌లో రెండు పేజీలు దీని మీదే రాయొచ్చు, ఒకే ఆవరణలో ఉన్న రెండు జీన్లు ఒక టిష్యూలో కలిసి వెలిగి ఇంకో టిష్యూలో ఒకటి మాత్రమే ఎందుకు వెలుగుతుంది అని. అదే చోట బీ2 నుంచి పక్క జీన్‌లోకి సాగిపోయే రీడ్‌త్రూ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా డేటాబేస్‌లో వేరే పేరుతో ఉంటుంది, కౌంట్లు తీసేటప్పుడు అది ఏ ఖాతాలో పడుతుందో చూసుకో.

ఇంకోటి, హీట్ షాక్ అని పేరుంది కదా అని పదీ వేడికి పెరుగుతాయి అనుకోకు. బీ1, ఆల్ఫా బీ పెరుగుతాయి, ఆల్ఫా ఏ పెరగదు. మే నెలలో ఉప్పల్ రింగ్ రోడ్డు మీద నిలబడ్డా ఆల్ఫా ఏ కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పేరు 1962 నాటి సంగతి నుంచి వచ్చింది, ఇటలీలో రిటోసా గారి ల్యాబ్‌లో ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేస్తే ఈగ లార్వా లాలాజల గ్రంథి క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు కనిపించాయి, అక్కడి నుంచి హీట్ షాక్ అనే మాట అంటుకుంది.

జబ్బుల గురించి ఒక పేరా వెయ్యి, ఎక్స్‌ప్రెషన్‌తో ముడిపెట్టు. ఆల్ఫా ఏ లో 116వ ఆర్జినిన్ సిస్టీన్‌గా మారితే పుట్టుకతోనే శుక్లం. ఆల్ఫా బీ లో 120వ ఆర్జినిన్ గ్లైసిన్‌గా మారితే శుక్లంతో పాటు కండరాల జబ్బు, గుండె కండరం కూడా. రెండూ 1998లోనే వచ్చాయి. డొమైన్‌లో దాదాపు అదే చోటు, కానీ ఒకటి కంటి దగ్గర ఆగింది, రెండోది కండ దాకా పాకింది, ఎందుకంటే ఆల్ఫా బీ కండలో కూడా కాపురం ఉంటుంది కాబట్టి. బీ1, బీ8 లో మార్పులు వస్తే కాళ్ళ నరాలు దెబ్బతినే జబ్బులు, అవి 2004లో తెలిశాయి. అన్ని చోట్లా ఉండే ప్రోటీన్ చెడితే నరాలే ఎందుకు ముందు పోతాయి అని అడిగితే మాత్రం నా దగ్గర తేలిగ్గా చెప్పే జవాబు లేదు.

లూప్ గారూ, పది అని మీరు గట్టిగా అంటున్నారు గానీ ఓడీఎఫ్1 ని నేను ఎప్పుడూ అరకే లెక్క వేస్తాను. స్పెర్మ్ తోకలో నిర్మాణానికి వాడే ప్రోటీన్ అది, డొమైన్ పోలిక ఉంది కాబట్టి ఇంట్లోకి రానిచ్చారు. నా లెక్క తొమ్మిదిన్నర.


లూప్‌లో_ఉన్నా (సాయంత్రం 7:10)

మేడమ్, అరలు పావులు కూరగాయల బండి దగ్గర. డొమైన్ ఉంటే మెంబరే. పనిచేస్తుందా లేదా అని చూస్తే మా ఆఫీసులో సగం మంది మెంబర్లు కాదు.


డీఎన్ఏజ్_బాబాయ్ (రాత్రి 8:25)

అక్కతోని నేను. తొమ్మిదిన్నర.

తమ్మీ ఒక్క మాట మరిచిన. డీఎన్ఏజ్ పెట్టినంక గూడ బ్యాండ్ వస్తే వెంటనే కొట్టిపారెయ్యకు. బీ9 కొన్ని ట్యూమర్లల్ల గూడ కనిపించింది, క్యాన్సర్ టెస్టిస్ యాంటిజెన్ అంటరు అసొంటి వాటిని. కాకపోతే నీవి హెక్ సెల్స్, అవి ట్యూమర్‌లకెల్లి వచ్చినయి కావు, ఎంబ్రియో కిడ్నీ సెల్స్‌కి అడినోవైరస్ ముక్క ఎక్కించి తయారు చేసినయి. కల్చర్‌ల పెరిగే సెల్స్‌ని చూసి కిడ్నీల ఉందని మాత్రం రాయకు. యాంటీబాడీతోని చూస్త అంటే కంపెనీ ఫొటో నమ్మకు, ఆల్ఫా ఏ, ఆల్ఫా బీ సగానికి పైగ ఒకే తీరు ఉంటయి, ఒకదానికి కొన్నది ఇంకోదానికి అంటుకుంటది.

ఇంక సార్ కొత్త కొత్త అని పట్టుబడితే ఒకటి చెప్పు. తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు డయాబెటిస్ తెప్పించిన ఎలుకలల్ల ఈ చిన్న హెచ్‌ఎస్‌పీలు ఏ టిష్యూల పెరిగినయ్, ఏ టిష్యూల తగ్గినయ్ అని చూసి పేపర్లు వేసిర్రు. జీన్ కొత్తది గాకున్నా, ఏ కష్టంల ఏది లేస్తది అన్నది ఇంక మస్తు మిగిలి ఉన్నది. పబ్లిక్ ఆర్‌ఎన్‌ఏ సీక్ (అన్ని జీన్ల ఆర్‌ఎన్‌ఏని ఒక్కసారే లెక్కపెట్టే పద్ధతి) డేటా తీస్కొని పది జీన్లకు గది చెయ్యి, ఏడు వారాలల్ల అయితది.


పిపెట్_పోరడు (మూడు రోజుల తర్వాత, రాత్రి 10:55)

అప్‌డేట్. నో ఆర్‌టీ ట్యూబ్ పెట్టిన. బ్యాండ్ వచ్చింది. సేమ్ సైజు, సేమ్ మెరుపు, రెండు లైన్లు పక్కపక్కన కవల పిల్లల లెక్క ఉన్నయ్. డీఎన్ఏజ్ పెట్టి 30 సైకిల్స్ కొట్టినంక రెండిట్లనూ ఏం లేదు, జెల్ మీద సైజు కొలిచే ల్యాడర్ ఒక్కటే వెలుగుతుంది. జీఏపీడీహెచ్ (అన్ని సెల్స్‌ల ఉండే జీన్) మాత్రం మంచిగ వచ్చింది అంటే ఆర్‌ఎన్‌ఏ బాగనే ఉన్నట్టు. బాబాయ్, ల్యాబ్ మీటింగ్‌ల గాకుండ ఇక్కడనే ఇజ్జత్ పోయింది, అదే నయం.

హెచ్‌ఎంఎం గూడ రన్ చేసిన, ఓడీఎఫ్1 తోని కలిపి పది వచ్చినయ్, పదకొండోది రాలే. సార్‌కి బీ11 సంగతి చెప్పిన, మొదలు మొహం మాడ్చుకున్నరు, తర్వాత ఐఎఫ్‌టీ25 పేజీ తెరిచి చూపిస్తే ఊకున్నరు. టైటిల్ మార్చుడు కుదరది అంట, యూనివర్సిటీకి పోయిందంట, కొత్త అన్న మాట అట్లనే ఉంచి లోపల పది జీన్లు, డయాబెటిస్ డేటా పెట్టమన్నరు. ఆల్ఫా ఏ లైన్ ఉంచిన అక్కా, కింద నోట్ గూడ పెట్టిన.

మా అమ్మ అడుగుతుంది ఏమైంది నీ జీన్ అని. పక్కింటి ఆంటీకి పోయిన నెల్లనే శుక్లం ఆపరేషన్ అయింది, అందుకే ఆమెకు లెన్స్ ముచ్చట చెప్పిన, ఆమె నాకంటె మంచిగ అర్థం చేసుకుంది, పాత లెన్స్ తీసి పారేసిర్రా, నాకు చూపియ్యలేదు అని ఒకటే బాధ.

అక్కా, ఆ రామంతాపూర్ షాపు ఇంక ఉందా? ఇన్సులిన్‌ది ఒక్కసారి కండ్లతోని చూడాల్నని ఉంది, మా కాలేజీల స్పెక్ట్రో ఉంది, ఇన్సులిన్ మెడికల్ షాపుల దొరుకుతది కదా.


హబ్సిగూడ_అక్క (రాత్రి 11:20)

ఉంది, ఇప్పుడు వాళ్ళబ్బాయి కూర్చుంటున్నాడు. ఆదివారం వెళ్ళకు, నిలబడనివ్వరు. మామూలు రోజు పొద్దున ఆరున్నరకి వెళ్ళు, ముందురోజే చెప్పి ఉంచు, ఫ్రీజర్‌లో పెట్టినవి వద్దు అప్పుడే కోసినవి కావాలి అని. ఐసు నువ్వే తీసుకెళ్ళాలి. మెడికల్ షాపు ఇన్సులిన్‌లో జింకు, ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి, దాంతో గీత సరిగ్గా రాదు, పౌడర్ నా దగ్గర కాస్త ఉంది, మెసేజ్ చెయ్యి.